వద్దన్న జున్ను

కెనడాకి వచ్చి రెండేళ్ళు దాటినా, ఏమేం చూశావని ఎవరైనా అడిగితే నయాగరా పేరొక్కటే చెప్పేదాన్ని. నాతో పాటు వచ్చిన స్టూడెంట్లందరిదీ అదే కథ. కాలేజీ, షిఫ్టు, బస్సు, బేస్‌మెంట్. ఇప్పుడు అడిగితే లాట్వియా చూశానంటున్నాను. విమానం ఎక్కలేదు, వీసా అడగలేదు. టొరాంటో నుంచి ఉత్తరంగా కొన్ని గంటలు కారు నడిపితే చాలు, జూన్ నెలలో ఒక వారాంతం ఆ దేశం అక్కడికి వచ్చి కూర్చుంటుంది. అక్కడి పాటలు, రొట్టె, మంట, మనుషులు మీకు చెప్పాలనే ఇది రాస్తున్నాను. కానీ అక్కడ నేను చేసివచ్చిన పని ఒకటుంది. అది దాచిపెట్టి మిగతాది చెబితే నాకు అన్నం సహించదు.

ఎటోబికో: గోరింటాకు రంగు జెండా

మేం ముగ్గురు అమ్మాయిలం టొరాంటో పడమటి వైపు ఎటోబికోలో ఒక బేస్‌మెంట్‌లో ఉంటాం. నాది జనగామ, మిగతా ఇద్దరిదీ గుంటూరు. పై ఇంట్లో ఓనరు ఆస్ట్రా గారు ఒక్కరే ఉంటారు. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి. యుద్ధమప్పుడు లాట్వియా నుంచి పారిపోయి, జర్మనీ శిబిరాల్లో కొన్నేళ్ళు తలదాచుకుని, ఓడెక్కి ఇక్కడికి వచ్చిన కుటుంబం వాళ్ళది.

ఆవిడ వరండాకి ఎప్పుడూ ఒక జెండా కట్టి ఉంటుంది. పైనా కిందా ముదురు ఎరుపు, మధ్యలో సన్నని తెల్ల చార. ఆస్ట్రియా జెండా కూడా ఎరుపూ తెలుపూ చారలే కాబట్టి, దిగిన కొత్తలో పలకరింపుగా ఉంటుందని, "ఆంటీ, మీది ఆస్ట్రియానా?" అని అడిగాను. కొన్ని రోజుల పాటు ఆవిడ నా వైపు చూడలేదు. తర్వాత ఒకనాడు మెట్ల దగ్గర ఆపి, జెండా అంచు నా చేతికిచ్చారు. "సరిగ్గా చూడు. ఇది వాళ్ళ ఎరుపేనా?" అన్నారు. కాదు. రాత్రంతా ఉంచుకున్న గోరింటాకు బాగా పండితే వచ్చే రంగు. ఆ మాటంటే గోరింటాకు ఏమిటో చెప్పాల్సి వచ్చింది, అది చెబుతూ ఆవిడ వంటింట్లో కూర్చోవాల్సి వచ్చింది. అలా స్నేహం కుదిరింది.

ఆ చలికాలంలోనే ఒకరోజు ఆవిడ మా తలుపు తట్టి, "బీట్‌రూట్ సూప్ చేశాను, తింటావా?" అన్నారు. కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి. అయినా నోరు తన అలవాటు మానదు కదా, "ఫర్వాలేదు ఆంటీ, ఇప్పుడే తిన్నా" అనేసింది. మన వైపు ఇది వద్దనడం కాదని ఎవరికైనా తెలుసు. రెండోసారి అడుగుతారు, మూడోసారి కసురుకుని కంచంలో వేసేస్తారు. ఆవిడ "సరే" అని వెళ్ళిపోయారు. నేను బ్రెడ్డు ముక్క నమిలి పడుకున్నాను. ఆ తర్వాత దాన్ని జోకు చేసి అందరికీ చెప్పుకున్నానే తప్ప బుద్ధి తెచ్చుకోలేదు.

ఈ జూన్‌లో ఆవిడకి కంటి ఆపరేషన్ అయింది. కొడుకు ఎక్కడో వాంకూవర్‌లో ఉంటాడు. నాకేమో మొన్ననే లైసెన్సు వచ్చింది. "లీగోకి వెళ్ళాలి. నా కారు నువ్వు నడుపుతావా?" అని అడిగారు. లీగో అంటే వాళ్ళకి ఏడాదిలో అన్నిటికన్నా పొడవైన పగలు వచ్చేటప్పటి పండగ. వారాంతం షిఫ్టు వదులుకోవాలని నేను నసుగుతుంటే, "ఈసారి నేను వెళ్ళి తీరాలి" అన్నారు. ఆ గొంతు విని ఇక నసగలేదు.

దారిలో: స్ట్రాబెర్రీలు, వెల్టా కథ

శుక్రవారం బయలుదేరాం. ఊరు దాటగానే గోడౌన్లు పోయి పొలాలు వచ్చాయి. రోడ్డు పక్కన ఒక షెడ్డు దగ్గర స్ట్రాబెర్రీలు అమ్ముతుంటే ఆగాం. బుట్ట ఎనిమిది డాలర్లు. మా వీధి షాపులో ఇంతకన్నా చవక, కానీ వాటికి ఈ వాసన లేదు. అమ్మే ఆవిడ రుచి చూడమని రెండు పళ్ళు అందిస్తే నేను నవ్వి తల అడ్డంగా ఊపాను. ఆస్ట్రా గారు రెండూ తీసుకుని రెండూ తిన్నారు.

కారులో మా భోజనం ఆవిడ కాల్చిన నల్ల రొట్టె. పుల్లగా, బరువుగా, అట్టల్లే ఉంటుంది. రెండో ముక్కకి నచ్చడం మొదలైంది. ఒక ముక్క ఆవిడ చేతిలోంచి కాళ్ళ దగ్గర పడింది. వంగలేక వంగి తీసి, దాన్ని ముద్దు పెట్టుకుని మరీ తిన్నారు. కింద పడిన రొట్టెకి అలా చేయాలట. మా నాయనమ్మ కింద పడిన మెతుకులు కళ్ళకద్దుకునేది. ఆ మాట చెబితే ఆవిడ నా భుజం మీద తట్టి, "మీ నాయనమ్మ లాట్వియన్" అని తేల్చేశారు.

లీగో పాటల గురించి అడిగాను. చిన్న చిన్న చరణాలు, ప్రతి చరణం చివరా "లీగో" అనాలట. ఊగమని దాని అర్థమట. స్టీరింగ్ మీద నా చెయ్యి ఆగిపోయింది. మేము బతుకమ్మ చుట్టూ తిరుగుతూ ప్రతి చరణం చివరా "ఉయ్యాలో" అంటాం ఆంటీ అని చెప్పి, వరస పాడి వినిపించాను. ఆవిడ డాష్‌బోర్డు మీద తాళం వేశారు. పెళ్ళి పంక్తిలో ఆడపిల్ల వాళ్ళు వియ్యపురాలిని పాటలతో దెప్పిపొడుస్తారని కూడా చెప్పాను. అప్పుడు ఆవిడ నవ్వు ఆగిపోయింది.

"మాకూ ఉంది. మంటకి అటు కొందరు, ఇటు కొందరు కూర్చుని ఒకళ్ళ మీద ఒకళ్ళు పాడుకుంటాం. ఎంత వెక్కిరించినా ఆ రోజు కోపం తెచ్చుకోకూడదు. ఎవరి మీద పాడారో వాళ్ళు లేచి తిరిగి పాడాలి. తర్వాత ఒకళ్ళ జున్ను ఒకళ్ళు తింటారు. ఇక ఏ తగువున్నా అక్కడితో సరి."

జున్ను అని నేను రాస్తున్నాను గానీ, అది పాలు విరగ్గొట్టి, గుడ్లూ వెన్నా కలిపి, జీలకర్రలాంటి గింజలు వేసి, గుడ్డలో మూటకట్టి బరువు పెట్టి చేసే చీజు. పండగకి ప్రతి ఇంటావిడా చేస్తుంది.

అప్పుడు చెప్పారు వెల్టా గురించి. ఇద్దరూ ఒకే ఓడలో వచ్చారు. అప్పుడు వెల్టాకి ఏడేళ్ళు, ఈవిడకి ఐదు. పెళ్ళిళ్ళయ్యాక కూడా ఏటా లీగోకి ఒకళ్ళ జున్నుని ఒకళ్ళు వెక్కిరిస్తూ పాడుకునేవాళ్ళు. లాట్వియాకి మళ్ళీ స్వాతంత్ర్యం వచ్చాక వెల్టా వాళ్ళ పుట్టింటి పొలం ఆమెకి తిరిగి దక్కింది. కొన్నేళ్ళకి ఆమె దాన్ని ఎవరో విదేశీ కలప వ్యాపారులకి అమ్మేసింది.

"మా సంఘం హాల్లో అందరి ముందూ లేచి, నువ్వు దేశాన్ని అమ్ముకున్నావు అన్నాను," అన్నారు ఆస్ట్రా గారు కిటికీ వైపు చూస్తూ. "మంచాన పడ్డ మొగుణ్ణి ఆసుపత్రిలో వదిలెయ్యకుండా ఇంట్లోనే నర్సుల్ని పెట్టి చూసుకోవడానికి అమ్మిందట. ఆమె ఎవరికీ చెప్పలేదు. అతను పోయాక తెలిసింది నాకు."

"మరి మాట్లాడలేదా ఆంటీ?"

"నాకు సారీ చెప్పడం రాదు. పాడటం వచ్చు. ఏటా పాడదామనే వెళ్తాను. ఏటా రోషం అడ్డొస్తుంది. ఈసారి పాట కట్టుకున్నాను."

ఆ పాట కారులోనే నాకు ఇంగ్లీషులో చెప్పారు. వెల్టా జున్ను ఎంత గట్టిదంటే, బండికి చక్రంలా బిగించుకుని రీగా దాకా పోవచ్చు, లీగో. రీగా అంటే వాళ్ళ రాజధాని. మధ్యలో సముద్రం ఉంది కదా అన్నాను. "అదే తమాషా," అన్నారు.

ఓక్ ఆకుల మైదానం

మేం చేరింది అడవి మధ్య వాళ్ళ సంఘం వాళ్ళు ఎప్పుడో కొనుక్కున్న మైదానం. చుట్టూ చెక్క ఇళ్ళు, ప్రతి గుమ్మానికీ పచ్చని కొమ్మలు. మనం మామిడాకులు కట్టినట్టే. శనివారం ఉదయానికి కార్లు బారులు తీరాయి. ఆడవాళ్ళు పూల కిరీటాలు అల్లుకుంటున్నారు, మగవాళ్ళకి ఓక్ ఆకులవి. ఉన్ని లంగాలు, ఛాతీ మీద పళ్ళెమంత వెండి పతకాలు. లంగా చారలు చూసి ఏ జిల్లా వాళ్ళో చెప్పేస్తారు. ఆ జిల్లాని చూసినవాళ్ళు మాత్రం అక్కడ సగం మంది కూడా లేరు. ఆ పండగ యానిస్ అనే పేరున్న వాళ్ళందరిదీ అట. నేను సరదాకి గట్టిగా "యానిస్" అని పిలిస్తే అరడజను కిరీటాలు ఇటు తిరిగాయి.

అందులో ఒక యానిస్ గారు రిటైరైన ప్లంబరు. నా పక్కన కూర్చుని, ఎక్కడి నుంచి వచ్చావని అడిగి, హైదరాబాద్ దగ్గర అంటే మీకు కోటలున్నాయి కదా అన్నారు. "మా దేశంలో కోటలన్నీ పరాయివాళ్ళు కట్టుకున్నవి. మావి పాటలొక్కటే. అవి పట్టుకెళ్ళడం ఎవరికీ చేతకాలేదు" అన్నారు. గర్వంగానే అన్నారు. అంతలో మనవడొచ్చి ఏదో అడిగితే ఆయన లాట్వియన్‌లో చెప్పారు, వాడు ఇంగ్లీషులో జవాబిచ్చాడు. పిల్లలకి శనివారాలు భాష నేర్పే బడి ఉందట. మన తెలుగు బడి గుర్తొచ్చింది. అక్కడా పిల్లలు ఇంటర్వెల్ కోసమే వస్తారు.

మధ్యాహ్నం ఆస్ట్రా గారు కిరీటానికి ఆకులు కోసుకొస్తానని అడవి వైపు వెళ్ళారు. టేబుల్ దగ్గర నన్ను కూర్చోబెట్టి, "పాడేదాకా వెల్టా కంటపడను. పడితే మళ్ళీ రోషమొస్తుంది" అన్నారు. ఈ లోపు వచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు. ఒకావిడ బేకన్ పెట్టిన చిన్న బన్నులు తెచ్చింది, పంది మాంసం అలవాటు లేదని దండం పెట్టాను. ఇంకొకాయన బీరు తెచ్చాడు, దానికీ దండమే. వద్దనడానికి నాకు అప్పటికే చెయ్యి తిరిగింది.

అప్పుడొచ్చింది ఒక పొట్టి ముసలావిడ. తల మీద గడ్డి టోపీ, ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో తెల్లగుడ్డ మూట. మూట విప్పితే పసుపుపచ్చని గుండ్రటి జున్ను. అంచున ఒక ముక్క కోసి ఉంది.

"ఇది ఆస్ట్రా టేబులేనా? తీసుకోండి," అంది.

ఆకలిగానే ఉంది. అంత పెద్ద జున్ను, ముసలావిడ ఎంత కష్టపడి చేసుకుందో, ఎవరో తెలియదు, ఎలా తీసుకోవడం? నవ్వుతూ రెండు చేతులూ ఊపాను. "థాంక్యూ ఆంటీ, ఫర్వాలేదు, మేం ఇప్పుడే తిన్నాం."

"ఆస్ట్రాకి కూడా వద్దా?"

"ఆవిడా తిన్నారు. మా దగ్గర చాలా ఉంది."

మూట మళ్ళీ కట్టింది. ముడి పడటానికి టైం పట్టింది. నేను లేచి ముడి వేయడానికి సాయం కూడా చేశాను. రెండోసారి అంటుందని మనసులో ఎక్కడో కాచుకునే ఉన్నాను. అనలేదు. "సరే" అని వెళ్ళిపోయింది.

వెల్టా అంటే నా ఊహలో బాగా పొడవు, గట్టి గొంతు, ఎగదీసిన గడ్డం. ఆ మనిషిని ఈ మనిషితో కలిపి చూడాలని నాకు తట్టనే లేదు. ఆస్ట్రా గారు తిరిగొచ్చాక ఎవరైనా వచ్చారా అని అడిగారు. "చాలామంది వచ్చారు ఆంటీ, అన్నీ వద్దన్నాను" అని చెప్పాను. అదేదో నా ఘనతలా చెప్పాను.

మంట దగ్గర

పొద్దు వాలుతుంటే మంట రాజేశారు. ఒకరు చరణం ఎత్తుకుంటే అందరూ "లీగో" అని సాగదీస్తున్నారు. నాకు మాటలు రాకపోయినా ఆ ఒక్క మాట వచ్చింది, అందరితో ఊగుతూ అన్నాను. అటు వాళ్ళు ఇటు వాళ్ళ వంటని, ఇటు వాళ్ళు అటు వాళ్ళ బట్టతలల్ని వెక్కిరించుకుంటున్నారు. ప్లంబరు యానిస్ గారి మీద ఏం పాడారో గానీ ఆయన లేచి నడుం మీద చెయ్యి వేసుకుని తిరిగి పాడితే జనం పడీపడీ నవ్వారు.

ఆస్ట్రా గారు లేచారు. నా భుజం పట్టుకున్నారు. ఆ గొంతు అంత బాగుంటుందని నాకు తెలియదు. "వెల్టా" అనే పేరు వినగానే చుట్టూ నవ్వులు ఆగి, తర్వాత ఇంకా పెద్ద నవ్వులు లేచాయి. వాళ్ళ తగువు అందరికీ తెలుసు, అది తెగబోతోందని కూడా అందరికీ అర్థమైంది. జనమంతా లీగో అన్నారు. అంతా మంట అవతలి వైపు చూశారు.

ఎవరూ లేవలేదు. అవతలి నుంచి ఒకావిడ లాట్వియన్‌లో ఏదో చెప్పింది. ఆస్ట్రా గారు మెల్లగా కూర్చున్నారు. వెల్టాకి ఒంట్లో బాగాలేదని కూతురు మధ్యాహ్నమే కారెక్కించి తీసుకుపోయిందట. ఇంకెవరో జాలిపడి వేరే పాట ఎత్తుకున్నారు.

"పొద్దున చూశాను దూరం నుంచి. బాగానే ఉంది," అన్నారు ఆవిడ. "ఆ గడ్డి టోపీ ఇంకా పారెయ్యలేదు."

"ఆంటీ, పొట్టిగా ఉంటారా ఆవిడ? చేతికర్ర ఉంటుందా?"

జరిగింది చెప్పాను. ఆవిడ ఆపలేదు. నేను అన్న మాటలు మళ్ళీ ఒకసారి ఉన్నవున్నట్టు చెప్పమన్నారు, చెప్పాను. ఆస్ట్రాకి కూడా వద్దా అని వెల్టా అడిగిన చోట ఆవిడ కళ్ళు మూసుకున్నారు.

"ఆమె జున్ను పట్టుకుని రావడం అంటే ఏమిటో తెలుసా? పాట లేకుండానే ముందు తను రాజీకి ఒప్పేసుకోవడం. నాకన్నా పెద్దది, కర్ర మీద నడుస్తోంది, అయినా మైదానం దాటి వచ్చింది," అన్నారు. "నువ్వు తినలేదుగా. మరి తిన్నానని ఎందుకు చెప్పావు?" అని అడిగారు.

"మా దగ్గర అది మర్యాద ఆంటీ. మళ్ళీ అడుగుతారని..."

"అలాంటి మర్యాదకి ఎదుటి మనిషిది కూడా మీ ఊరే అయ్యుండాలి."

కోపంగా అనలేదు. కోపంగా అనివుంటే నాకు బాగుండేది. సూప్ రోజు గుర్తొచ్చి ఏడుపొచ్చింది. వీళ్ళు ఒక్కసారే అడుగుతారని నాకు తెలుసు. ఆకలితో పడుకుని మరీ తెలుసుకున్నదాన్ని. ఆ మంట చుట్టూ అంత పాట సాగుతోంటే ఇక ఒక్క లీగో కూడా అనలేకపోయాను.

ఒషావా: ఖాళీ వరండా

ఆదివారం పొద్దున్నే ఆస్ట్రా గారు తన జున్నుని గుడ్డలో కట్టి ఒళ్ళో పెట్టుకున్నారు. "ఒషావా పోనివ్వు" అన్నారు. వెల్టా భర్త అక్కడి కార్ల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, ఇల్లు అక్కడే. దారంతా ఆవిడ పెదాలు కదులుతూనే ఉన్నాయి. పాటకి ఇంకో చరణం కడుతున్నారు. నేను ఒక ఎగ్జిట్ దాటేసి చాలా దూరం పోయి వెనక్కి తిరిగాను. మామూలుగా అయితే ఆవిడ నా డ్రైవింగు మీద ఏదో ఒకటి అనేవారు. ఆ రోజు చరణం కట్టడం ఆపలేదు.

చిన్న ఇటుకల ఇల్లు. వరండాలో జెండా కర్ర ఉంది, జెండా లేదు. గడ్డిలో "అమ్ముడైంది" అన్న బోర్డు. బెల్లు కొడితే పక్కింటాయన బయటికొచ్చాడు. నిన్న సాయంత్రం ఫ్లైట్‌కే వెల్టా కూతురితో ఆల్బర్టా వెళ్ళిపోయిందని చెప్పాడు. ఇక అక్కడే ఉంటుందట. "ముందు రోజే వెళ్ళాల్సింది. పండగలో ఒకళ్ళని కలవాలని టికెట్ మార్పించుకుంది," అన్నాడు. ఆ ఒకళ్ళు ఈవిడేనని ఆయనకి తెలియదు కదా.

కూతురి ఫోన్ నంబరు ఇచ్చాడు. ఆస్ట్రా గారు మెట్ల మీద కూర్చుని అక్కడే చేశారు. రింగయి రింగయి, మెసేజ్ చెప్పమని రికార్డు వచ్చింది. ఆవిడ పెట్టేశారు.

"పాడండి ఆంటీ, తర్వాత వింటారు," అన్నాను.

"మెషిన్ తిరిగి పాడదు."

"మళ్ళీ చేద్దాం అయితే."

"చేస్తాను. ఎత్తుతుంది. మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయని అడుగుతాను, అక్కడ చలి ఎలా ఉందని అడుగుతాను. ఫోన్‌లో మేం అంతకన్నా ఏం మాట్లాడతాం?" అన్నారు. ఒళ్ళోని మూట ఆ వరండాలో పెట్టబోయి, ఎవరి కోసం అనుకున్నారో ఏమో, మళ్ళీ తీసుకున్నారు. "ఆమె జున్ను ఈసారి ఎలా కుదిరిందో నాకు తెలియనే తెలియదు. రుచి చూడకుండా చక్రం అనేశాను."

నేను సారీ చెప్పాను. ఎన్నోసారో లెక్కలేదు. ఆవిడ తల ఊపారు. క్షమించానని అనలేదు, నేనూ అడగలేదు.

వాన్: రజితక్క ఇల్లు

తిరుగుదారిలో టొరాంటో పక్కనే ఉన్న వాన్ అనే ఊళ్ళో రజితక్క ఇంటి దగ్గర ఆగాం. వేర్‌హౌస్‌లో నాకు షిఫ్టు ఇప్పించింది ఆమే. మాది పక్కపక్క ఊళ్ళు. ఆస్ట్రా గారికి కాళ్ళు పట్టేశాయని కాసేపు కూర్చోబెడదామని ఆగాను. పొద్దుట్నుంచి ఇద్దరం ఏమీ తినలేదు.

"అయ్యో, ముందుగాల ఫోన్ చెయ్యొద్దానే! రండి ఆంటీ, కూసోండి," అని రజితక్క లోపలికి పరుగెత్తింది. ప్లేటు నిండా సకినాలు తెచ్చింది. మొన్నే వాళ్ళ అత్తమ్మ ఊరి నుంచి ఎవరితోనో పంపిందట. "తినుండ్రి. అటెంక అన్నం పెడ్త."

"అయ్యో వద్దక్కా, ఇప్పుడే తి..."

నా మాట నోట్లోనే ఉంది. ఆస్ట్రా గారు నా వైపు చూడకుండానే రెండు చేతులూ చాచి ప్లేటు మొత్తం అందుకున్నారు. ఒక సకినం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, కరకరమని కొరికారు. ఇంకొకటి తీసి నా చేతిలో పెట్టి, నా వేళ్ళు మూశారు.

"ఈ అమ్మాయి కూడా ఏమీ తినలేదు," అని రజితక్కతో ఇంగ్లీషులో అన్నారు. తర్వాత ఒళ్ళోని తెల్లగుడ్డ మూట విప్పి, వెల్టా కోసం చేసిన జున్నుని టేబుల్ మీద పెట్టారు. కత్తి ఇమ్మన్నారు.

"వద్దాంటీ, ఎందుకు మీకు శ్రమ," అంది రజితక్క ఇంగ్లీషులో.

ఆస్ట్రా గారి చెయ్యి ఆగిపోయింది. కత్తి నేను తీసుకుని ముక్క కోసి రజితక్క నోట్లో పెట్టాను.